అక్క రాగం, తమ్ముడి పేరు

క్రిస్మస్ వచ్చిందంటే మన గుళ్లలో ‘దూత పాట పాడుడి’ వినిపించకుండా ఉండదు. చిన్నతనంలో పెట్రోమాక్సు దీపం వెనకాల నడుస్తూ, చలికి చెవులకు గుడ్డ కట్టుకుని ఇంటింటా పాడిన పాట అది. పెద్దయ్యాక మాలో ఒకరు హార్మోనియం దగ్గర కూర్చుని, మరొకరు ఆడవారి వరుసలో నిలబడి, ఏళ్ల తరబడి పిల్లలకు నేర్పిన పాట. అయినా ఆ రాగం ఎవరిదని మేము ఏనాడూ ఆలోచించలేదు.

కిందటి డిసెంబరులో మా సంఘ యౌవనస్థులు ఇంటికి వచ్చారు. “మాస్టారూ, టీచరుగారూ, ఈ పాట రాగం ఎక్కడిదో క్యాండిల్ లైట్ ఆరాధనలో పది నిమిషాలు చెప్పండి” అని అడిగారు. సరేనన్నాం. ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి ఫోను చేస్తే, పాత పుస్తకాల దుకాణంలో వెతికి రెండు పుస్తకాలు పంపింది. రెండూ ఉత్తరాల పుస్తకాలే. ఆ రాగం కట్టిన ఫెలిక్స్ మెండెల్సన్ రాసిన ఉత్తరాలు ఒకదానిలో, ఆయన కుటుంబమంతా ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు మరొకదానిలో ఉన్నాయి. పది నిమిషాల ప్రసంగం కోసం తెరిచాం. నాలుగు రాత్రులు నిద్ర మానుకుని చదివాం. చివరికి ఆ ఉత్తరాలు మమ్మల్ని మా ఇంటి అటకమీది రేకుపెట్టె దాకా నడిపించాయి. ఆ సంగతి ఇప్పుడు పాఠకులతో చెప్పుకోవాలనిపించింది.

మొదట పాట సంగతి చెబుతాము. ఇంగ్లీషు మాటలు చార్లెస్ వెస్లీ 1739లో రాసినవి. రాగం మాత్రం దాదాపు నూరేళ్ల తరువాతది. అచ్చు యంత్రం పుట్టి 400 ఏళ్లయిందని 1840లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ఉత్సవం చేశారు. ఆ ఉత్సవం కోసం మెండెల్సన్ కట్టిన బృందగానంలోనిది ఆ రాగం. తరువాత 1843లో ఇంగ్లండుకు రాసిన ఉత్తరంలో ఆయన, ఆ రాగానికి వేరే మాటలు సరిగా కుదిరితే జనం ఎంతో ఇష్టపడతారనీ, అయితే భక్తి మాటలు మాత్రం దానికి ఎన్నటికీ నప్పవనీ చెప్పారు! పన్నెండేళ్లు గడిచాక, 1855లో విలియం కమ్మింగ్స్ అనే యువ ఆర్గన్ వాద్యకారుడు వెస్లీ మాటలను ఆ రాగానికి జత చేశాడు. ఆ జంటే మన పల్లెల దాకా వచ్చింది. కట్టినవాడే పనికిరాదన్న రాగంతో లోకమంతా క్రీస్తు జననాన్ని పాడుతోంది. ఆరాధనలో ఈ మాట చెబితే అందరూ నవ్వారు.

ఆ ఉత్తరాలు రాసుకున్న కాలం విక్టోరియా మహారాణి ఏలుబడి. మెండెల్సన్ జర్మనీవాడే అయినా ఇంగ్లండుకు పదిసార్లు వెళ్లాడు. అక్కడివారు ఆయనను సొంత మనిషిలా చూసుకున్నారు. ఆ దేశంలో 1840కి ముందు ఉత్తరం ఖరీదైన వ్యవహారం. దూరాన్ని బట్టీ, కాగితాల సంఖ్యను బట్టీ రుసుము ఉండేది. చాలావరకు అందుకున్నవారే చెల్లించేవారు. ఆ ఏడాది జనవరిలో, అర ఔన్సు మించని ఉత్తరం దేశంలో ఎక్కడికైనా ఒక్క పెన్నీకే చేరుతుందని నియమం పెట్టారు. మే నెలలో తపాలా బిళ్ల వచ్చింది. కార్డు ముక్క మీద పెళ్లి కబురు, చావు కబురు, పరీక్షా ఫలితం అన్నీ అందుకున్న మా తరానికి అది ఎంత మార్పో వేరే చెప్పక్కర్లేదు.

మెండెల్సన్‌కు ఒక మంచి అలవాటు ఉండేది. తనకు వచ్చిన ఉత్తరాలను పారేయకుండా, తేదీల వరుసలో పేర్చి, ఆకుపచ్చ అట్టలతో సంపుటాలుగా కుట్టించేవాడు. అందుకే వాటికి ‘ఆకుపచ్చ పుస్తకాలు’ అని పేరు వచ్చింది. అలాంటివి 27 సంపుటాలు నేడు ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. గొప్ప సంగీతకారులు రాసినవీ, పాటలు అచ్చువేసేవారు రాసినవీ, కచేరీ సంఘాలవారు రాసినవీ, భోజనానికి రమ్మని స్నేహితులు రాసినవీ అన్నీ అందులో చేరాయి. పెద్దది, చిన్నది అని ఆయన ఎంచలేదు. మన పౌలుగారి పత్రికల్లోనూ అంతే కదా! పరలోక సంగతులు రాసిన చేతితోనే, మరచిపోయిన అంగీ తెచ్చిపెట్టమని తిమోతికి రాశాడు. ఆ చిన్న మాటల దగ్గరే మనిషి మనకు దగ్గరవుతాడు.

ఇక ఆయన ఇతరులకు రాసిన వాటిలో మమ్మల్ని కట్టిపడేసినది 1842 జూలై 19న తల్లికి రాసిన ఉత్తరం. పది రోజుల కిందట బకింగ్‌హామ్ రాజభవనానికి వెళ్లిన సంగతి అందులో ఉంది. రాణిగారి భర్త ఆల్బర్ట్, తన ఆర్గన్ వాయించి చూడమని ఆయనను పిలిపించారు. ఇద్దరూ మాట్లాడుకుంటుండగా రాణిగారు ఇంటి దుస్తుల్లోనే లోపలికి వచ్చారు. గంటలో ప్రయాణం పెట్టుకున్నారట. చూస్తే గాలికి సంగీతం కాగితాలు గదంతా చెల్లాచెదరై, ఆర్గన్ కాలి మెట్ల మీద కూడా పడి ఉన్నాయి. ఇదేమి గది అంటూ రాణిగారు మోకాళ్ల మీద కూర్చుని కాగితాలు ఏరడం మొదలుపెట్టారు. ఆల్బర్ట్ సాయం చేశారు. మెండెల్సన్ కూడా ఊరుకోలేదు.

తరువాత ఆల్బర్ట్ ఒక కీర్తన రాగం చూడకుండా వాయించారు. మెండెల్సన్ తన ‘పౌలు’ సంగీత కథలోని బృందగానం మొదలుపెడితే, మొదటి చరణం పూర్తికాకముందే భార్యాభర్తలిద్దరూ గొంతు కలిపారు. రాణిగారు ఒక పాట పాడాలని అందరూ ఆమె గదికి వెళ్లారు. అక్కడ పంజరంలో చిలుక ఉంది. తనకంటే గట్టిగా అరుస్తుంది, ముందు దాన్ని బయటికి పంపాలి అన్నారామె. మెండెల్సన్ తానే ఆ పెద్ద పంజరం ఎత్తుకుని బయటికి తీసుకుపోతే నౌకర్లు నోళ్లు తెరిచారట. ఇవన్నీ చదువుతూ మేము చాలాసేపు నవ్వుకున్నాం. రాజభవనమైనా, మన పెంకుటిల్లైనా, నలుగురు చేరి పాడుకునే ముందు జరిగే సందడి ఒకటే.

నవ్వు ఆగింది తరువాతి సంగతి దగ్గర. మెండెల్సన్ పాటల మొదటి పుస్తకం తీసి, రాణిగారు తమకిష్టమైన ‘ఇటలీ’ పాట ఎంతో చక్కగా పాడారు. పాడాక, ఆ పాట తనది కాదు, తన అక్క ఫానీ కట్టినదని మెండెల్సన్ ఒప్పుకోవలసి వచ్చింది. అలా ఒప్పుకోవడం కష్టంగానే ఉందనీ, అయినా గర్వం ఎక్కడో ఒకచోట పడక తప్పదనీ తల్లికి రాశాడు. తరువాత తాను నిజంగా కట్టిన పాట ఒకటి పాడమని రాణిగారిని వేడుకున్నాడు.

అక్క పాట తమ్ముడి పేరుతో ఎందుకు అచ్చయింది? దానికి జవాబు కూడా ఆ ఇంటి ఉత్తరాల్లోనే ఉంది. ఫానీ 1805లో పుట్టింది, ఫెలిక్స్ 1809లో. ఇద్దరికీ ఒకే గురువుల దగ్గర చదువు. పదమూడేళ్లకే ఫానీ బాఖ్ రాసిన 24 రచనలు కాగితం చూడకుండా తండ్రి ముందు వాయించింది. తరువాత 1820లో తండ్రి ఆమెకు ఒక ఉత్తరం రాశాడు. సంగీతం ఫెలిక్స్‌కు వృత్తి కావచ్చు, నీకు మాత్రం అది ఆభరణంగానే ఉండాలి అని దాని సారాంశం. ఆయన దుర్మార్గుడు కాడు. బిడ్డల చదువు కోసం ఎంతో ఖర్చు చేసిన మనిషి. ఆ కాలంలో గౌరవమైన ఇళ్లన్నీ ఆ మాటే అనేవి. విక్టోరియా నాటి ఇంగ్లండులోనూ ఇంటికో పియానో ఉండేది, ఆడపిల్ల వచ్చిన అతిథుల ముందు వాయించాలి. అంతవరకే.

ఫెలిక్స్ మొదటి రెండు పాటల సంపుటాల్లో ఫానీ పాటలు ఆరు, ఆమె పేరు లేకుండానే చేరాయి. తండ్రి పోయాక, 1837లో, ఫానీ రచనలు అచ్చువేయించమని తల్లి ఫెలిక్స్‌ను అడిగింది. తాను ప్రోత్సహించలేనని, ఆమె ఇల్లు చక్కదిద్దుకోవడంలో ఉందని, అచ్చు వ్యవహారం అందుకు అడ్డమని జవాబు రాశాడు. అక్క అంటే ప్రాణం పెట్టే తమ్ముడే ఆ మాట రాశాడు.

ఇక్కడికి వచ్చేసరికి మేము పుస్తకం మూసేశాం. చాలాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తరువాత మాలో ఒకరు నిచ్చెన వేసుకుని అటక మీది రేకుపెట్టె దించారు.

మాకూ ఒక అక్క ఉంది. మాలో ఒకరికి తోడబుట్టిన అక్క, మరొకరికి వదినగారు. మేము 1978లో మా సంఘం తరఫున క్రిస్మస్ పాటల చిన్న పుస్తకం వేశాం. అందులో ఒక పాటకు మాటలు అప్పటి మా పాస్టరుగారివి. రాగం అక్కయ్యది. పెళ్లయి దూరపు ఊళ్లో ఉన్న ఆమె, పిల్లలు నిద్రపోయాక కూర్చుని, నీలం ఇన్‌లాండ్ లెటరు నిండా సరిగమలు వరుసగా రాసి పంపింది. ఆ ఉత్తరం పెట్టెలో దొరికింది. మడత మీద మిగిలిన కాస్త జాగాలో చిన్న అక్షరాలతో ఒక మాట ఉంది. “అచ్చు వేస్తే నా పేరు వేయిస్తారా? నాన్నగారిని అడిగి చూడండి.”

అడిగాం. “పెళ్లయి వెళ్లిన పిల్ల పేరు పుస్తకంలో ఎందుకురా? అల్లుడుగారు ఏమనుకుంటారో! పాట నేర్పేది నువ్వేగా, నీ పేరే వెయ్యి” అన్నారు నాన్నగారు. వేశాం. ప్రూఫు దిద్దినది మాలో రెండోవారు. కాబట్టి తప్పు ఇద్దరిదీ. పుస్తకం అక్కయ్యకు పంపుతూ రాసిన ఉత్తరంలో అందరి క్షేమ సమాచారాలూ రాశాం, ఆ ఒక్క మాటకు మాత్రం జవాబు రాయలేదు. ఆమె మళ్లీ అడగలేదు. మరుసటి క్రిస్మస్‌కు పుట్టింటికి వచ్చి, గుడిలో అందరితోపాటు ఆ పుస్తకం చేతపట్టుకుని పాడింది.

నాన్నగారు 1991లో ప్రభువు సన్నిధికి వెళ్లారు. 1996లో ఆ పుస్తకం రెండోసారి అచ్చువేశాం. అప్పుడు అడ్డుచెప్పేవారు ఎవరూ లేరు. అయినా పాత పేరే ఉంచేశాం. పెద్దాయన మాట కాదనలేకపోయాం అని ఇన్నాళ్లూ మాకు మేము చెప్పుకున్న సాకు అక్కడ కూలిపోయింది. పాట బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే చిరునవ్వుతో తల వంచుకోవడం అలవాటైపోయింది. ఆ తల వంచడాన్ని జనం వినయం అనుకున్నారు.

ఆ రాత్రి మళ్లీ పుస్తకం తెరిచి ఫానీ కథ చివరిదాకా చదివాం. ఆమె 1846 జూలై 9న తమ్ముడికి ఒక ఉత్తరం రాసింది. పధ్నాలుగేళ్ల వయసులో తండ్రికి భయపడ్డట్టే నలభై ఏళ్ల వయసులో తమ్ముళ్లకు భయపడుతున్నానని అందులో ఒప్పుకుంది. అయినా తన పాటలు తన పేరుతో అచ్చువేయాలని నిశ్చయించుకున్నానని తెలియజేసింది. నెల దాటినా జవాబు లేదు. ఫెలిక్స్ అప్పుడు ‘ఏలీయా’ సంగీత కథ ముగించే తొందరలో ఉన్నాడు. చివరికి ఆగస్టు 12న, ఇంగ్లండు ప్రయాణానికి ముందు, రచయితల వరుసలో చేరుతున్న అక్కకు తోటి పనివాడిగా దీవెన పంపాడు.

అదే నెల 26న బర్మింగ్‌హామ్ టౌన్ హాలులో ‘ఏలీయా’ మొదటిసారి వినిపించారు. ఊరి ఆసుపత్రికి నిధి పోగుచేసే ఉత్సవం అది. ఆ రోజే ఫెలిక్స్ తన తమ్ముడు పాల్‌కు ఉత్తరం రాశాడు. రెండున్నర గంటల సేపు రెండు వేలమంది ఒకే ధ్యాసతో కూర్చున్నారట, చిన్న చప్పుడైనా లేదట. ఆఖరున ఒక యువకుడు పాడిన పాటకు తన కళ్లు చెమర్చకుండా, తాళం తప్పకుండా నిలబడడానికి ఎంతో ప్రయాసపడ్డానని రాశాడు. ఒకే నెలలో అక్కకు తమ్ముడి దీవెన దక్కింది, తమ్ముడి గొప్ప రచన లోకానికి వినిపించింది. ఆ ఇంట ఎంత సంతోషం ఉండి ఉంటుందో!

ఆ సంతోషానికి ఏడాది ఆయుష్షు కూడా లేకపోయింది. ఫానీ 1847 మే 14న బెర్లిన్‌లో తన ఇంట్లో తమ్ముడి రచననే సాధన చేయిస్తూ ఉండగా చేతులు చచ్చుబడి, ఆ రాత్రే కన్నుమూసింది. ఇంగ్లండు నుంచి అప్పుడే తిరిగి వచ్చిన ఫెలిక్స్ ఆ కబురు విని కుప్పకూలాడు. అదే ఏడాది నవంబరు 4న ఆయనా పోయాడు, 38 ఏళ్లకే. బెర్లిన్ సమాధుల తోటలో అక్క పక్కనే ఆయనను పాతిపెట్టారు.

ఆ అక్కాతమ్ముళ్లను ఉత్తరాలే మళ్లీ లోకం ముందు నిలబెట్టాయి. మేము చదివిన కుటుంబ చరిత్రను, ఆ ఉత్తరాలన్నీ ఏర్చి కూర్చి 1879లో వెలువరించినది ఫానీ కుమారుడు సెబాస్టియన్ హెన్సెల్. తమ్ముడికి ఆమె రాసినవన్నీ ఆకుపచ్చ పుస్తకాల్లో తమ్ముడే దాచాడు. పాటల పుస్తకం మీద అక్క పేరు వేయని మనిషే, అక్క చేతిరాతను మాత్రం ఒక్క కాగితం పోనివ్వలేదు. అయినా ఆమె పని ఆమె పేరుకు చేరడం ఇంకా పూర్తికాలేదు. ఆమె 1828లో రాసిన ‘ఈస్టర్ సొనాటా’ తమ్ముడిదేనని చాలాకాలం చెప్పుకున్నారు. ఆమె చేతిరాతను పరిశీలించి అది ఆమెదేనని 2010లో తేల్చారు. 2017లో లండనులో ఆమె పేరుతో వాయించారు. పేరు చేరడానికి 189 ఏళ్లు పట్టింది.

ఫానీకి అంతకాలం పట్టింది. మా అక్కయ్య ఇంకా బతికే ఉంది. 84 ఏళ్లు.

డిసెంబరు ఆరాధనలో మేము పాట కథ మాత్రమే చెప్పాం. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు. ముందు చెప్పవలసిన మనిషి వేరే ఉన్నారనిపించింది. సంక్రాంతి సెలవులు కాగానే బస్సెక్కి అక్కయ్య దగ్గరికి వెళ్లాం. కొడుకు దగ్గర ఉంటోంది. భోజనాలయ్యాక ఆ నీలం ఉత్తరం ఆమె చేతిలో పెట్టాం. దారిలో అనుకున్న మాటలన్నీ మరచిపోయి, “తప్పు చేశాం” అని మాత్రం అనగలిగాం.

ఆమె కళ్లజోడు పెట్టుకుని, ఉత్తరాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. పెదవులు కదులుతున్నాయి. సరిగమలు పాడుకుంటోందని తెలిసింది.

“ఇంకా దాచారా దీన్ని!” అంది. తరువాత, “ఒరేయ్, పేరు సంగతి అలా ఉంచు. రెండో చరణం చివర గాంధారం మీద ఆగాలిరా. చూడు, ఎలా రాశానో. మీ పుస్తకంలో దాన్ని మధ్యమం చేసేశారు. నలభై ఏళ్లకు పైగా గుడి గుడంతా తప్పు పాడుతోంది. నాకు ప్రతి క్రిస్మస్‌కూ అక్కడ గుచ్చుకునేది” అంది.

మేము అనుకున్నది ఒకటి, ఆమెకు గుచ్చుకున్నది మరొకటి! రాగం కట్టినవారిని అడిగి ఉంటే, ఆ పొరపాటు మొదటి ఏడాదే దిద్దుకునేవాళ్లం. పేరు తీసేసినప్పుడు అడిగే దారిని కూడా మూసేశాం.

సాయంత్రం బయలుదేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది. “ఈసారి వేస్తే ఏ పేరు వేస్తారు అమ్మాయ్, పుట్టింటి పేరా, అత్తింటి పేరా?” అని మాలో ఒకరిని పక్కకు పిలిచి మెల్లగా అడిగింది. అప్పుడు తెలిసింది మాకు, ఆమె దేనినీ మరచిపోలేదని. మీ ఇష్టమే వదినగారూ అన్నాం. ఆలోచించి చెబుతానంది. ఉత్తరం మాత్రం తిరిగి ఇవ్వలేదు. “ఇది నా దగ్గర ఉండనీయండి” అంది. ఉండనిచ్చాం. ఆమెదే కదా!

తరువాతి ఆదివారం పాస్టరుగారి అనుమతితో సంఘం ముందు నిలబడి జరిగినది చెప్పాం. రాణిగారి ముందు నిజం ఒప్పుకోవడం మెండెల్సన్‌కు కష్టమైందంటే ఆశ్చర్యం లేదు. పాతికమంది పిల్లల ముందు చెప్పడానికే మా కాళ్లు వణికాయి. ఒప్పుకోవడం సగం పనే అని కూడా ఆయన కథ వల్లే నేర్చుకున్నాం. నోటితో ఒప్పుకున్నది గాలిలో పోతుంది, అచ్చులో ఉన్నది అలాగే నిలుస్తుంది. అందుకే ఈ క్రిస్మస్‌కు పుస్తకం తిరిగి అచ్చువేయిస్తున్నాం. పేరు మారుతుంది, గాంధారం కూడా సరి అవుతుంది.

ప్రియ పాఠకులారా, మీ ఇళ్లలోనూ అటక మీద రేకుపెట్టెలు ఉంటాయి. ఇప్పుడు ఉత్తరాలు రాసేవారు తగ్గిపోయారు, పాత కాగితాలు కట్టలు కట్టి తూకానికి వేసేస్తున్నారు. వేసే ముందు ఒకసారి విప్పి చదవండి. ఎవరో ఎప్పుడో మిమ్మల్ని అడిగిన చిన్న మాట ఒకటి మడత మీద ఉండిపోయి ఉండవచ్చు. ఆ మనిషి ఇంకా ఉంటే, జవాబు రాయడానికి ఆలస్యం చేయకండి.